గెజిట్‌కు చేరిన చట్టం గల్లీకి చేరవద్దా?

కొత్త సంవత్సరం వచ్చిందంటే పత్రికలలో ఒక పట్టిక తప్పక కనిపిస్తుంది. జనవరి 1 నుంచి ఏ నిబంధన మారింది, ఏ రుసుము పెరిగింది, ఏ చట్టం అమలులోకి వచ్చింది అన్న వివరాలు అందులో ఉంటాయి. చదువుకున్నవారు దానిని ఒకసారి చూసి పక్కన పెడతారు. చదువు రానివారికి, పత్రిక కొనే అలవాటు లేనివారికి ఆ పట్టిక ఉన్న సంగతే తెలియదు. చట్టం మాత్రం ఈ ఇద్దరి మధ్య భేదం చూడదు. ‘నాకు తెలియదు’ అన్న మాట ఏ కార్యాలయంలోనూ, ఏ న్యాయస్థానంలోనూ చెల్లదు. ఇది పాత సూత్రం, అవసరమైన సూత్రం కూడా. తెలియదని చెప్పుకుని ప్రతివాడూ తప్పించుకోగలిగితే ఏ చట్టమూ నిలవదు. అయితే తెలుసుకోవలసిన బాధ్యత పౌరునిది అన్నప్పుడు, తెలియజేయవలసిన బాధ్యత ఎవరిది? ఈ రెండో ప్రశ్నను మనం గట్టిగా అడగడం లేదు. అడగకపోవడం వల్ల మన కుటుంబాలు ఏటా నష్టపోతున్నాయి.

చట్టం తెలిస్తే తప్ప అమలు కారాదన్నది కొత్త వాదన కాదు. భారత సుప్రీంకోర్టు తన తొలినాళ్లలోనే, 1951లో, హర్లా వర్సెస్ రాజస్థాన్ రాష్ట్రం అనే కేసులో ఈ విషయాన్ని తేల్చింది. జైపూర్ సంస్థానంలో 1923 డిసెంబరులో మంత్రిమండలి ఒక తీర్మానం చేసి నల్లమందు చట్టాన్ని తెచ్చింది. ఆ చట్టాన్ని గెజిట్‌లో ప్రచురించలేదు, మరే విధంగానూ ప్రజలకు ప్రకటించలేదు. ఏళ్ల తరువాత ఆ చట్టం కింద హర్లా అనే వ్యక్తికి 50 రూపాయల జరిమానా పడింది. ఆ 50 రూపాయల జరిమానా మీద వివాదం దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. మూసిన గదిలో కొందరు కూర్చుని చేసిన తీర్మానం, ప్రజలకు తెలియజేయకుండా, ప్రజలను శిక్షించే చట్టం కాజాలదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సహజ న్యాయసూత్రాల ప్రకారం చట్టాన్ని జనానికి తెలిసే రీతిలో ప్రకటించడం తప్పనిసరి అన్నది ఆ తీర్పు సారాంశం. సందేశం చేరవేయకుండా ఏ జాతినీ శిక్షించడం అల్లాహ్ న్యాయం కాదని విశ్వసించే మనకు ఈ సూత్రం కొత్తగా అనిపించదు.

ఆ తీర్పు వచ్చి డెబ్భై ఏళ్లు దాటింది. నేడు చట్టాలన్నీ గెజిట్‌లో అచ్చవుతున్నాయి, ప్రభుత్వ వెబ్‌సైట్లలో కూడా పెడుతున్నారు. కాగితం మీద షరతు నెరవేరినట్టే. కానీ లాల్‌దర్వాజాలో, అలియాబాద్‌లో, షాలిబండలో, చాంద్రాయణగుట్టలో ఎన్ని ఇళ్లలో గెజిట్ చదువుతారు? ఇంగ్లీషు గెజిట్‌ను చదివి అర్థం చేసుకోగల ఇల్లు వీధికి ఒకటి ఉన్నా గొప్పే.

భాష మాట

ఈ నగరానికి ఈ సమస్య తలకిందులుగా ఒకప్పుడు అనుభవమే. నిజాం కాలంలో పందొమ్మిదో శతాబ్దం చివర పారశీకం స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. రాజ్య గెజిట్ అయిన జరీదా ఉర్దూలో వెలువడేది. అప్పుడు పట్నంలోని మన పెద్దలకు సర్కారు మాట సొంత భాషలో అందేది. తెలంగాణ పల్లెలోని తెలుగు రైతుకు మాత్రం తన భూమి మీది హుకుం ఏమిటో పట్వారీ చెబితే తప్ప తెలిసేది కాదు. పట్వారీ చెప్పిందే చట్టమయ్యేది. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. తన భాషలో పాలన అందని జనం ఏమనుకుంటారో, ఎంత దూరం పోతారో తెలంగాణ చరిత్ర ఈ విధంగా చూపింది.

ఈ చరిత్రను ఇక్కడ చెప్పడంలో నా ఉద్దేశం ఒక్కటే. ఆనాడు తెలుగు రైతుకు జరిగింది అన్యాయమైతే, ఈనాడు పాతబస్తీ కుటుంబానికి జరుగుతున్నదీ అన్యాయమే. భాష మారింది, ఓడిపోయేవాడు మారాడు, పద్ధతి మారలేదు. పట్వారీ స్థానంలో దళారి వచ్చాడు.

1966 నాటి ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం తెలుగును అధికార భాషగా ప్రకటించింది. తెలంగాణ ఏర్పడిన తరువాత, 2017 నవంబరులో శాసనసభ ఆ చట్టాన్ని సవరించి ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేసింది. ఆ తరువాత 66 మంది ఉర్దూ అధికారుల నియామకానికి ప్రభుత్వం పూనుకొంది. ఇవి మంచి పనులు, కాదనలేం. కానీ రెండవ అధికార భాష అంటే కార్యాలయాల బోర్డు మీద మూడో వరుసలో ఉర్దూ అక్షరాలు రాయించడమేనా? ఒక కొత్త చట్టం వచ్చిన రోజున దాని సారాంశం ఉర్దూలో దొరకకపోతే, అర్జీ నమూనా ఉర్దూలో లేకపోతే, ఆ హోదా వల్ల ఒరిగేదేమిటి?

ఇక్కడ ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఉర్దూలో అచ్చు వేసినంత మాత్రాన సమస్య తీరదు. ఈనాటి మన పిల్లలలో ఎందరో ఉర్దూ మాట్లాడతారు గాని ఆ లిపి చదవలేరు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారికి తెలుగు లిపి కూడబలుక్కోవలసి వస్తుంది. నల్లగొండ, ఖమ్మం, గుంటూరు, కర్నూలు పల్లెలలోని ముస్లిం కుటుంబాలలో తెలుగే ఇంటి భాషగా ఉన్నవి చాలా. ఈ పత్రిక తెలుగులో వెలువడుతున్నదీ అందుకే. మరోవైపు, లాల్‌దర్వాజాలో మా పొరుగున ఉన్న హిందూ సోదరులకు సర్కారు తెలుగైనా అర్థమవుతున్నదా అంటే అదీ లేదు. ‘ప్రకటిత తేదీ నుంచి’, ‘సక్షమాధికారి’ వంటి మాటలు ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడరు. కనుక ఇది కేవలం ఉర్దూ సమస్య కాదు, కేవలం ముస్లింల సమస్యా కాదు. కాకపోతే భాష, చదువు, పేదరికం మూడూ ఒకచోట కలిసినందున మన మీద దెబ్బ ఎక్కువగా పడుతున్నది.

ఈ దెబ్బ ఎలా పడుతుందో మూడు ఉదాహరణలతో చూద్దాం.

ఒక జనవరిలో వచ్చిన హక్కు

103వ రాజ్యాంగ సవరణ 2019 జనవరి 14 నుంచి అమలులోకి వచ్చింది. ఆర్థికంగా వెనుకబడిన, ఇతర రిజర్వేషన్లు వర్తించని కుటుంబాలకు విద్యలో, ఉద్యోగాలలో 10 శాతం వరకు రిజర్వేషన్ కల్పించే వీలు దానివల్ల కలిగింది. కేంద్ర సంస్థలలో అది అదే ఏడాది మొదలయింది. తెలంగాణ ప్రభుత్వం తన పరిధిలో అమలు చేయడానికి 2021 దాకా ఆగింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. పేదలలో ఎస్సీ, ఎస్టీ, బీసీలను దీని నుంచి మినహాయించడం సబబా కాదా అన్న వాదం వేరు. అది ఇక్కడి విషయం కాదు.

మనకు సంబంధించినది ఇదీ. 2007 చట్టం ప్రకారం ముస్లింలలో 14 వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. సుప్రీంకోర్టు 2010 మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది నేటికీ నడుస్తున్నది. సయ్యద్, మొగల్, పఠాన్, అరబ్, ఇరానీ, బోహ్రా, ఖోజా, కచ్ఛీ మెమన్, నవాయత్ వంటి వర్గాలు అందులో లేవు. ఇంటిపేరు సయ్యద్ అయినంత మాత్రాన ఇంట్లో సంపద ఉంటుందా? పాతబస్తీలో ఆటో నడిపే సయ్యద్‌లు, పంక్చర్ దుకాణం పెట్టుకున్న పఠాన్‌లు, బార్కస్‌లో కూలి చేసుకునే అరబ్బు సంతతివారు ఎందరో ఉన్నారు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉంటే వారి పిల్లలు ఈ 10 శాతం కోటాలో దరఖాస్తు చేసుకోవచ్చు. తహసీల్దార్ కార్యాలయం నుంచి ధ్రువపత్రం తెచ్చుకుంటే చాలు.

నేటికీ ఈ సంగతి తెలియక జనరల్ కేటగిరీలో పోటీపడుతున్న పిల్లలను చూస్తున్నాను. ‘మాకు రిజర్వేషన్ లేదు’ అని తాతల కాలం నాటి మాటనే తల్లిదండ్రులు చెబుతున్నారు. ప్రవేశాల సమయంలో ధ్రువపత్రం అడిగితే అప్పుడు పరుగులు పెడతారు, అది చేతికి వచ్చేలోగా కౌన్సెలింగ్ ముగుస్తుంది. ఇది శిక్షించే చట్టం కాదు, మేలు చేసే చట్టం. అటువంటిది కూడా తెలియనివారికి చేరలేదు. శిక్షించే చట్టం తెలియకపోతే జరిమానా పడుతుంది. మేలు చేసే చట్టం తెలియకపోతే ఏమి పోగొట్టుకున్నామో కూడా తెలియదు. ఈ రెండవ నష్టాన్ని ఏ లెక్కలోనూ ఎవరూ రాయరు.

పుట్టిన తేదీకి ఒకే కాగితం

రెండవది జనన మరణాల నమోదు సవరణ చట్టం. ఇది 2023 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. ఆ రోజున గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో ప్రవేశం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వ ఉద్యోగం, ఆధార్ వంటివాటికి పుట్టిన తేదీ, స్థలం నిరూపించే పత్రం ఇక జనన ధ్రువపత్రమే. 2025 ఫిబ్రవరిలో పాస్‌పోర్టు నిబంధనలను కూడా ఇందుకు అనుగుణంగా సవరించారు. ఇంతకుముందు బడి టీసీ, పదవ తరగతి మెమో వంటివి ఆదుకునేవి. ఈ పిల్లలకు ఆ ఆసరా లేదు.

2023 అక్టోబరులో పుట్టిన పిల్లలకు 2026 అక్టోబరుతో మూడేళ్లు నిండుతాయి. అంటే నర్సరీ చేర్పించే ఇళ్లలో ఈ చట్టం మొదటిసారి తలుపు తట్టబోతున్నది. తట్టినప్పుడు మన ఇళ్లలో ఏముంటుంది? చాలా ఇళ్లలో పేరు లేని ధ్రువపత్రం ఉంటుంది. ఆసుపత్రివారు పుట్టుక సమాచారాన్ని వెంటనే పంపుతారు. మన ఇళ్లలో ఏడవ రోజున అఖీఖా నాడు పేరు పెడతారు. ఆ పేరును ధ్రువపత్రంలో చేర్పించాలన్న సంగతి తరువాత ఎవరికీ గుర్తుండదు. నమోదైన 12 నెలల లోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు, ఆ తరువాత 15 ఏళ్ల దాకా రుసుముతో చేర్పించుకోవచ్చు. ఈ చిన్న విషయం తెలిసిన తల్లులు ఎందరు?

పేరు చేర్పించిన చోట అక్షరాల తగాదా వస్తుంది. తండ్రి ఆధార్‌లో ‘మహమ్మద్’, జనన ధ్రువపత్రంలో ‘ఎండీ’, బ్యాంకు పుస్తకంలో ‘మొహమ్మద్’. తల్లి పేరు ఒకచోట ‘బేగం’తో, మరొకచోట ‘బీ’తో, ఇంకొకచోట ‘సుల్తానా’తో. ఉర్దూలో ఒక్క తీరుగా రాసే పేరు ఇంగ్లీషులో నాలుగు తీర్లుగా మారుతుంది. గుమాస్తాగా చాలా ఏళ్లు దస్త్రాలు రాసినవాడిగా చెబుతున్నాను, రాసేవానికి ఇది ఒక్క క్షణం పని, సరిచేయించుకునేవానికి నెలల పని. ఒక్క అక్షరం తేడాతో అర్జీ వెనక్కి వచ్చిన కుటుంబాలను లాల్‌దర్వాజాలో తరచు చూస్తున్నాను. వారిలో రోజుకూలీలకు ప్రతి తిరుగుడుకూ ఒక రోజు కూలి పోతుంది.

అసలు నమోదే కానివారి పరిస్థితి మరింత కష్టం. పుట్టిన 21 రోజుల లోపు నమోదుకు రుసుము లేదు. 30 రోజుల లోపు ఆలస్య రుసుము చెల్లిస్తే సరిపోతుంది. ఆ తరువాత ఏడాది లోపు జిల్లా రిజిస్ట్రార్ అనుమతి కావాలి. ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేటు లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా వారు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వాలి. ఇంటి వద్ద కాన్పు జరిగితే సమాచారం ఇవ్వవలసింది ఇంటి పెద్దే. ఈ ఐదు వాక్యాలు ప్రతి ప్రసూతి ఆసుపత్రి గోడ మీద మూడు భాషలలో రాసి ఉంటే ఎన్ని కుటుంబాలకు ఇబ్బంది తప్పేదో ఆలోచించండి.

సమాచారం అందనివారికి ఏమవుతుందో దేశం 2025లో బీహారులో చూసింది. ఓటరు జాబితా ప్రత్యేక సవరణ తరువాత ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఏ పేరు ఎందుకు తీశారో జనానికి తెలియదు. ఆగస్టు 14న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, తీసివేసిన పేర్లను కారణాలతో సహా బయటపెట్టాలనీ, స్థానిక కార్యాలయాలలో ప్రదర్శించాలనీ, పత్రికలు, రేడియో, టీవీల ద్వారా ప్రచారం చేయాలనీ ఆదేశించింది. తెలియజేయడం దయ కాదు, విధి అని ఆ ఆదేశం మరొకసారి గుర్తు చేసింది.

ఆరు నెలల గడువు

మూడవది వక్ఫ్. వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్ 8 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టంలోని తప్పొప్పుల మీద ఈ పత్రికలో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను మధ్యంతరంగా నిలిపివేసింది కూడా. దాని అమలు తీరు ఎలా ఉందన్నది మాత్రమే ఇక్కడ చూద్దాం.

వక్ఫ్ ఆస్తుల వివరాలను జూన్ 6న ప్రారంభించిన ఉమీద్ పోర్టల్‌లో ఆరు నెలలలో నమోదు చేయాలన్నారు. చేయవలసినది ఎవరు? ముతవల్లీలు. పెద్ద దర్గాలకు, పెద్ద సంస్థలకు న్యాయవాదులు ఉంటారు, కంప్యూటర్ తెలిసిన సిబ్బంది ఉంటారు. పాతబస్తీ సందులోని చిన్న ఆషూర్‌ఖానాకు, ఊరి చివర ఖబ్రస్తాన్‌కు, తండ్రి తరువాత కొడుకుగా చూసుకుంటూ వస్తున్న వృద్ధ ముతవల్లీకి ఎవరున్నారు? ఆయన దగ్గర ఉన్నది పాత ఉర్దూ దస్తావేజు, లేదా పారశీక మున్తఖబ్. పోర్టల్ అడిగేది సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, స్కాన్ చేసిన పత్రాలు. గడువు పొడిగించమని వేసిన పిటిషన్లను డిసెంబరు 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చి, ఇబ్బంది ఉన్నవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చని చెప్పింది. తగిన కారణం చూపితే గడువు పెంచే అధికారం చట్టం ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. ఈ వెసులుబాటు ఉన్నదని ఆ వృద్ధ ముతవల్లీకి ఎవరు చెబుతారు? ఆయనకు తెలియకపోతే వందల ఏళ్ల ఖబ్రస్తాన్ ఒక కంప్యూటర్ తెరమీద లేకుండా పోతుంది.

చేయగలరని ఋజువు

ప్రభుత్వం చట్టాన్ని జనం వద్దకు తీసుకుపోలేదా అంటే, తీసుకుపోగలదు. తెలంగాణ భూభారతి చట్టమే అందుకు సాక్ష్యం. 2024 డిసెంబరులో శాసనసభ ఆమోదించింది. 2025 జనవరిలో గవర్నర్ ఆమోదం లభించింది. ఆ మరునాడే అమలు చేయలేదు. నిబంధనలు తయారుచేసి ఏప్రిల్ 14న ప్రారంభించారు. మొదట లింగంపేట, నేలకొండపల్లి, వెంకటాపూర్, మద్దూరు మండలాలలో ప్రయోగాత్మకంగా చేశారు. మండల కేంద్రాలలో అవగాహన సభలు పెట్టారు. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు నిర్వహించారు. అధికారులే గ్రామానికి వెళ్లి, రైతు ఎదుట కూర్చుని అర్జీలు తీసుకున్నారు.

ఆ సదస్సుల ఫలితాలపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కానీ పద్ధతి సరైనది. ఆమోదానికీ అమలుకూ మధ్య సమయం ఇచ్చారు, కొన్నిచోట్ల పరీక్షించి చూశారు, అధికారులు జనం వద్దకు నడిచివెళ్లారు. భూమి ఉన్న రైతుకు దక్కిన ఈ మర్యాద, భూమి లేని పాతబస్తీ కూలీకి జనన ధ్రువపత్రం విషయంలో ఎందుకు దక్కరాదు? రెవెన్యూ సదస్సు పెట్టగలిగినవారు బస్తీ సదస్సు పెట్టలేరా? లాల్‌దర్వాజా బోనాల నాడు, మొహర్రం పదవ రోజున బీబీ కా ఆలం ఊరేగింపు నాడు ఏ దారి ఎప్పుడు మూస్తారో ముందుగానే ప్రకటిస్తారు. రోడ్డు మూసే సంగతి అంత శ్రద్ధగా చెప్పగలిగినప్పుడు, హక్కుల దారి ఎటు తెరిచి ఉందో చెప్పడం అసాధ్యం కాదు.

కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. రాజ్యాంగంలోని 348వ అధికరణ ప్రకారం చట్టాల ప్రామాణిక పాఠం ఇంగ్లీషులోనే ఉండాలి, అనువాదంలో పొరపాటు దొర్లితే చిక్కు వస్తుంది అని. నిజమే. కానీ మనం అడుగుతున్నది ప్రామాణిక పాఠం కాదు. ఎవరికి వర్తిస్తుంది, ఏమి చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, ఎవరిని కలవాలి అన్న నాలుగు ప్రశ్నలకు ఒక పుట జవాబు మాత్రమే. అనువాదం ఖర్చు అంటారా, ఇది 1917లోనే దారుల్ తర్జుమాను స్థాపించి, పడమటి దేశాల శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చుకున్న నగరం. ఆనాడు వైద్యశాస్త్రం అనువదించగలిగినవారికి ఈనాడు ఒక పుట కరపత్రం భారమా?

పైగా ఇది మనం కొత్తగా కోరుతున్నది కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్, ప్రభుత్వ సంస్థలు తమంత తామే సమాచారాన్ని విస్తృతంగా ప్రచారం చేయాలనీ, అందుకు స్థానిక భాషనూ, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతినీ ఎంచుకోవాలనీ స్పష్టంగా చెబుతున్నది. నోటీసు బోర్డులు, బహిరంగ ప్రకటనలు, పత్రికలు, ప్రసారాలు అన్నిటినీ అది పేర్కొన్నది. సమాచార హక్కు అంటే పది రూపాయలు కట్టి అర్జీ వేసే హక్కు మాత్రమే అనుకుంటున్నాం. అర్జీ వేయకముందే చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిదని ఆ చట్టమే అంటున్నది.

మనం అడగవలసినవి

ఒకటి, ప్రజల దైనందిన జీవితాన్ని తాకే ప్రతి కొత్త చట్టానికీ, నిబంధనకూ ఒక పుట సారాంశాన్ని అమలు తేదీకి ముందే తెలుగులోనూ ఉర్దూలోనూ వెలువరించాలి. ఈ పని ఉర్దూ అధికారుల విధులలో చేర్చాలి.

రెండు, కొత్త కాగితం అడిగే ఏ చట్టానికైనా ప్రకటనకూ అమలుకూ మధ్య కనీసం మూడు నెలల వ్యవధి ఉండాలి. ఆ వ్యవధిలో వార్డు స్థాయిలో బస్తీ సదస్సులు జరపాలి. జనన ధ్రువపత్రంలో పేరు చేర్చడం, అక్షరాలు సవరించడం అక్కడికక్కడే పూర్తిచేయాలి.

మూడు, మీసేవ కేంద్రాలు, ప్రసూతి ఆసుపత్రులు, తహసీల్దార్ కార్యాలయాలలో రుసుము, గడువు, కావలసిన పత్రాల వివరాలు మూడు భాషలలో గోడ మీద రాయించాలి. గోడ మీద ధర ఉన్నచోట దళారికి పని తగ్గుతుంది.

నాలుగు, అర్జీ తిప్పి పంపేటప్పుడు కారణం కాగితం మీద రాసి ఇవ్వాలి. ‘రేపు రండి’ అన్నది కారణం కాదు.

ఈ కోరికలతో మన శాసనసభ్యులకు, కార్పొరేటర్లకు, మైనారిటీ కమిషన్‌కు వినతులు ఇవ్వాలి. ఏ భాషలో రాయాలన్న సంకోచం అక్కరలేదు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వానికి వినతి ఇచ్చుకునే హక్కును రాజ్యాంగంలోని 350వ అధికరణ ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. వినతి ఇచ్చి ఊరుకోకుండా రసీదు తీసుకోవాలి, తేదీ వేయించుకోవాలి. రసీదు లేని అర్జీ దస్త్రంలో ఉండదు.

మనం చేయవలసినవి

సర్కారు చేసేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోరాదు. జుమా నాడు మస్జిద్‌లో చేరినంత జనం ఏ సభలోనూ చేరరు. నమాజు తరువాత రెండు నిమిషాలు, నెలకు ఒక్క చట్టం గురించి, అందరికీ అర్థమయ్యే మాటలలో చెప్పవచ్చు. అయితే ఈ సంగతులు ఎక్కువగా తెలియవలసినది తల్లులకు. కనుక మహిళల దీనీ ఇజ్తెమాలలో, పొదుపు సంఘాల సమావేశాలలో కూడా చెప్పాలి. ఖాజీలు నికాహ్ చదివించేటప్పుడు వధూవరుల పేర్లు ఆధార్‌లో ఉన్న తీరుగానే రాస్తే తరువాత పుట్టబోయే బిడ్డకు సగం చిక్కు తప్పుతుంది.

ప్రతి బస్తీలోనూ డిగ్రీ చదువుతున్న నలుగురు పిల్లలు, ఉద్యోగ విరమణ చేసిన ఒకరిద్దరు పెద్దలు కలిసి ఆదివారం ఉదయం రెండు గంటలు కూర్చుంటే చాలు. అర్జీ రాయడం పిల్లలు నేర్చుకుంటారు, ఏ అర్జీ ఎక్కడికి పోతుందో పెద్దలు చెబుతారు. న్యాయ సలహా కావలసిన చోట న్యాయసేవా ప్రాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. సిటీ సివిల్ కోర్టు మన పురానీ హవేలీలోనే ఉన్నది, దూరం కాదు.

మా లాల్‌దర్వాజా వంటి చోట ఈ సేవ ముస్లింలకే పరిమితం చేయరాదు. పక్కింటి హిందూ సోదరి కూడా అదే మీసేవ వరుసలో, అదే అర్థంకాని కాగితం పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆమె అర్జీ కూడా రాసిపెడితే మన కోరికకు బలం పెరుగుతుంది, పొరుగు హక్కు కూడా నెరవేరుతుంది.

చట్టాలు చేసే అధికారం శాసనసభది, పార్లమెంటుది. వాటిని మనం మెచ్చవచ్చు, వ్యతిరేకించవచ్చు, న్యాయస్థానంలో సవాలు చేయవచ్చు. కానీ మెచ్చడానికైనా, ఎదిరించడానికైనా ముందు అది ఏమిటో తెలియాలి. 50 రూపాయల జరిమానా మీద చివరిదాకా పోరాడిన ఆ జైపూర్ మనిషి అడిగినది కూడా ఇదే. ఈ ఏడాది మన సంఘాల సమావేశాల ఎజెండాలో తొలి అంశంగా దీనిని చేర్చాలని, 2023 అక్టోబరు తరువాత పుట్టిన పిల్లలున్న ప్రతి ఇంటిలో జనన ధ్రువపత్రాన్ని ఈ నెలలోనే ఒకసారి తీసి, పేరు ఉన్నదో లేదో, అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలని పాఠకులను కోరుతున్నాను.